జాబ్ బోర్లించాక ఏం చేయాలో కూడా నేర్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

కాజీపేట రైల్వే తయారీ యూనిట్‌లో ఉద్యోగాలు మన పిల్లలకే రావాలని చాలామంది రాస్తున్నారు. రావాల్సిందే. మనకు వస్తుందనుకున్న కోచ్ ఫ్యాక్టరీ 80ల్లో పంజాబ్‌లోని కపుర్తలాకు పోయింది, 2014 విభజన చట్టంలో పరిశీలిస్తామని ఒక ముక్క రాశారు, చివరికి 2023 జూలై 8న ఈ యూనిట్‌కు శంకుస్థాపన జరిగింది. ఇంతకాలం ఎదురుచూసినవాళ్లం అడగకుండా ఎట్లా ఉంటాం? నేను రాస్తున్నది మాత్రం ఆ ఉద్యోగాలకు పిల్లలను తయారు చేస్తున్న పద్ధతి గురించి. నాది కాజీపేటే, ఏళ్లుగా బాలానగర్ వైపు మెషిన్ షాపుల్లో క్వాలిటీ ఇన్‌స్పెక్షన్ చేస్తున్నాను. మా షాపుల్లో జాబ్ అంటే ఉద్యోగం కాదు, మెషిన్ మీద తయారు చేసే, కొలిచే వస్తువు.

హనుమకొండ చౌరస్తా నుంచి నయీంనగర్ దాకా ఎక్కడ చూసినా ఏదో ఒక కోర్సు ఫ్లెక్సీ, అందులో ఇప్పుడు సీఎంఎం ప్రోగ్రామింగ్ కూడా చేరింది. సీఎంఎం అంటే కోఆర్డినేట్ మెజరింగ్ మెషిన్. గ్రానైట్ బెడ్ మీద జాబ్ పెడితే, కొసన కెంపు గోళీ ఉన్న ప్రోబ్ వచ్చి దాన్ని అక్కడక్కడా తాకి కొలతలు మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో చెప్తుంది. మంచి కోర్సే, డిమాండ్ కూడా ఉంది. కానీ అక్కడ నేర్చుకుని వచ్చిన పిల్లలను చూస్తే, జాబ్ కదలకుండా ఉన్నంతసేపు ప్రోగ్రాం ఎంత చక్కగా రాస్తారో, దాన్ని బోర్లించి రెండో వైపు కొలవమనేసరికి అంత బిక్కమొహం వేస్తారు.

ఈ మధ్య మా దగ్గర చేరిన ఒక కుర్రాడు పంప్ హౌసింగ్, అంటే పంపు బయటి గుల్ల, కొలుస్తున్నాడు. పైనుంచి ఒక బోర్ (బేరింగ్ కూర్చునే రంధ్రం), కిందనుంచి ఇంకో బోర్, రెండూ ఒకే సెంటర్‌లో ఉండాలి. మొదటి వైపు అయిపోగానే జాబ్ తిప్పి, కొత్త ప్లేన్ (సమతలం), కొత్త లైన్ తీసుకుని కొత్త అలైన్‌మెంట్ (జాబ్ ఎక్కడ, ఎటు తిరిగి ఉందో మెషిన్‌కు చెప్పే లెక్క) కట్టి, మిగతాది కొలిచేశాడు. రిపోర్ట్ చూస్తే రెండు బోర్ల సెంటర్ల మధ్య తేడా మిల్లీమీటర్లలో ఉంది. “అన్నా, ప్రోగ్రాం మంచిగనే ఉన్నది, తిప్పినంకనే ఏదో అయితున్నది” అన్నాడు. పిల్లవాడి తప్పేం లేదు, నేర్పినవాళ్లు అక్కడి దాకా వెళ్లనే లేదు.

జరిగింది ఇది. ఏ వస్తువుకైనా ఆరు కదలికలుంటాయి, మూడు జరగడానికి, మూడు తిరగడానికి. ఒక ప్లేన్ తీసుకుంటే మూడు ఆగిపోతాయి, ఒక లైన్‌తో ఇంకో రెండు, ఒక పాయింట్‌తో చివరిది. దీన్నే 3-2-1 అంటారు, ఇక్కడి దాకా అందరూ చెప్తారు. జాబ్ తిప్పిన సంగతి మెషిన్‌కు తెలియదు, మనం చెప్పకపోతే అది మొదటి బోర్‌ను పాత చోటనే ఉందనుకుంటుంది. అందుకే చాలా సాఫ్ట్‌వేర్లలో రెండు అలైన్‌మెంట్లను ముడిపెట్టే కమాండ్ ఒకటుంటుంది, పీసీ-డిమిస్ అనే సాఫ్ట్‌వేర్‌లో దాన్ని ఈక్వేట్ అలైన్‌మెంట్ అంటారు. తిప్పకముందు జాబ్ మీద కొన్ని ఫీచర్లు (రంధ్రం, ఉపరితలం లాంటివి) కొలిచి ఒక అలైన్‌మెంట్, తిప్పాక మళ్లీ అవే ఫీచర్లు కొలిచి ఇంకో అలైన్‌మెంట్, తర్వాత ఈ రెండూ ఒకటే అని చెప్పడం. అప్పుడు ముందు కొలిచినవన్నీ జాబ్‌తో పాటు కొత్త చోటికి వస్తాయి.

ఇందులో కమాండ్ నొక్కడం ఒక నిమిషం పని. అసలు బుర్ర పెట్టాల్సింది ఏ ఫీచర్లు కొలవాలో ఎంచుకోవడంలో. రెండు పొజిషన్లలోనూ ప్రోబ్‌కు అందేవి కావాలి, తాకేది కూడా అదే ఉపరితలం కావాలి. పై అంచు దగ్గర ఒకసారి, కింది అంచు దగ్గర ఒకసారి రంధ్రాన్ని తాకి రెండూ ఒకటే అనుకుంటే కుదరదు, ఆ రంధ్రం కాస్త వంకరగా ఉంటే ఆ వంకరంతా అలైన్‌మెంట్‌లోకి ఎక్కుతుంది. నేనైతే జాబ్‌కు మూడు గోళాలు గట్టిగా బిగించి వాటితోనే కడతాను, దూరదూరంగా పెట్టి. దగ్గర దగ్గరగా పెడితే ఏమవుతుందో లెక్క చూడండి: 40 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న రెండు పాయింట్లలో ఒకదానికి 10 మైక్రాన్ల తేడా వస్తే, అదే లైన్ 400 మిల్లీమీటర్లు పోయేసరికి 100 మైక్రాన్ల తేడా అవుతుంది. బేరింగ్ కూర్చునే చోట 100 మైక్రాన్లంటే జాబ్ స్క్రాప్ కింద లెక్క. ఇంకో లాభం, తిప్పకముందు, తిప్పాక గోళాల మధ్య దూరాలు పోల్చి చూసుకోవచ్చు. అవి కొన్ని మైక్రాన్లు దాటి మారాయంటే ఏదో గోళం కదిలినట్టో, జాబ్ వేడెక్కినట్టో. కొలతలకు ప్రమాణం 20 డిగ్రీలు, మన మే నెలలో షాపులోంచి తెచ్చిన జాబ్‌ను వెంటనే కొలిస్తే ఎట్లాగూ తేడానే. అర మీటరు ఉక్కు 5 డిగ్రీలు వేడెక్కితే సుమారు 29 మైక్రాన్లు సాగుతుంది.

అసలు తిప్పకుండానే పని అవుతుందేమో కూడా ముందు చూడాలి, ఇది ఎవరూ చెప్పరు. పక్కలకు కూడా కొసలున్న స్టార్ స్టైలస్‌తోనో, తిరిగే ప్రోబ్ హెడ్‌తోనో పక్కలనుంచి అందితే ఒకే సెటప్‌లో అయిపోతుంది, తిప్పిన ప్రతిసారీ కాస్త అనుమానం కలుస్తుంది కదా. తిప్పక తప్పకపోతే, ప్రోగ్రాం ఆగి “జాబ్ తిప్పండి” అని చూపించే ముందే ప్రోబ్ పైకి పోయి ఉండాలి. తిప్పాక చేత్తో కొన్ని పాయింట్లు తాకించి, జాబ్ ఎక్కడుందో దానికి తెలిపాకనే ఆటోమేటిక్‌కు వదలాలి. అంతకుముందే వదిలితే ఏముందిలే అనుకుంటే ప్రోబ్ నేరుగా వచ్చి జాబ్‌ను గుద్దుతుంది. ఆ ప్రోబ్ ఖరీదు, కొత్తగా చేరిన కుర్రాడి నాలుగు నెలల జీతం కన్నా ఎక్కువ, టెన్షన్ ఎట్లా ఉంటుందో వేరే చెప్పాలా.

65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తామని మన రాష్ట్ర ప్రభుత్వం 2024లో చెప్పింది. మెషిన్లు వస్తే సంతోషమే. అధికారులను నేను అడిగేది ఒకటే: కొలత మెషిన్ ఉన్న ప్రతి సెంటర్‌లో పరీక్షకు రెండు వైపులా కొలవాల్సిన జాబ్ ఇవ్వండి, విద్యార్థి దాన్ని తానే తిప్పి, తానే అలైన్‌మెంట్ కట్టి, మొదటి వైపు బోర్‌కు రెండో వైపు బోర్‌కు తేడా చెప్పాలి. సర్టిఫికెట్ ఆ తర్వాతే. ప్రైవేటు సెంటర్లలో చేరే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు కూడా ఫీజు కట్టకముందే ఈ ఒక్క ప్రశ్న అడగండి. సార్ ఏదో దాటవేస్తుంటే పక్క సెంటర్ చూసుకోండి.

దీనికి పెద్ద ఖర్చేం కాదు. ఫౌండ్రీల్లో రిజెక్టయిన కాస్టింగులు (పోత పోసిన ముక్కలు) తుక్కు కింద కిలోల లెక్కన పోతూనే ఉంటాయి, యాజమాన్యాలు పదో ఇరవయ్యో వరంగల్, కరీంనగర్ ఐటీఐలకు పంపితే పిల్లలు నేర్చుకోవడానికి చాలు. మా షాపు నుంచి ఇప్పించే పని నేను చూస్తాను, తీసుకెళ్లడానికి ఆటో ట్రాలీ మాత్రం వాళ్లు పంపాలి.

— ఒక క్వాలిటీ ఇన్‌స్పెక్టర్, కాజీపేట