పసుపు చీటీ అంటే చెవుడు కాదు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన వారం మన బడిలో ఒకటి నుంచి పదో తరగతి దాకా పిల్లలందరికీ వినికిడి పరీక్ష చేయించాం. శుక్రవారం సాయంత్రం కొంతమంది పిల్లల సంచుల్లో పసుపు చీటీ ఇంటికి వచ్చింది. ఆ రాత్రి నుంచే తరగతి వాట్సాప్ గ్రూపుల్లో "మా బాబుకు చెవుడని రాసి పంపిండ్రు" అని, "ఇంట్ల గుసగుస మాట్లాడినా వింటది, ఇదేం పరీక్ష" అని, "చెవి మిషన్లు అమ్ముకునేటందుకే ఇదంతా" అని మెసేజ్‌లు నడుస్తున్నాయి. అందుకే ఈ నెల లేఖలో మిగతా సంగతులు పక్కకు జరిపి దీని గురించే రాస్తున్నాను.

ముందుగా ఒక మనవి. ఆ చీటీని ఇంకొక్కసారి చదవండి. చెవుడు అన్న మాట అందులో ఎక్కడా లేదు. "ఈ చెవిని మళ్లీ చూడాలి" అని ఉంది, కుడా ఎడమా అన్నది ఉంది, అంతే. బడిలో చేసింది జల్లెడ పట్టడం, అంటే మళ్లీ చూడాల్సిన చెవులను ఏరడం. రోగం తేల్చేది ఈఎన్‌టీ డాక్టరు, ఆడియాలజిస్టు (వినికిడి నిపుణులు). మిషన్లు అమ్మేవాళ్లెవరినీ మనం గేటు లోపలికి రానివ్వలేదు, రానివ్వం. ఎంతమందికి చీటీలు ఇచ్చారని చాలామంది అడిగారు. ఆ సంఖ్య ఇప్పుడు చెప్పను. ఈ చలికాలంలో ప్రతి తరగతిలో ముక్కులు కారుతున్నాయి, జలుబుతో చెవి దిబ్బడ పడ్డ పిల్లలు కూడా ఆ లెక్కలో ఉన్నారు, రెండో పరీక్ష అయ్యేదాకా ఆ అంకెకు అర్థం లేదు. పేర్లయితే ఎప్పటికీ చెప్పను. గ్రూపుల్లో వేరేవాళ్ల పిల్లల పేర్లు రాసినవారు దయచేసి ఇవాళే తీసేయండి.

పరీక్ష ఎలా చేశారో తెలిస్తే సగం అనుమానాలు పోతాయి. మనది కాజీపేట, రైలు హారన్ వినపడని గది బడిలో లేదు. వెనకవైపు గ్రంథాలయం గది ఒక్కటే ఉదయం 10 నుంచి 12 మధ్య నెమ్మదిగా ఉంటుందని ఎనిమిదో తరగతి పిల్లలు తేల్చారు. ఐదు రోజులు ఫోన్‌లోని శబ్దమాపకంతో ప్రతి గదిలో గంటగంటకూ కొలిచి, చార్టు గీసి నా టేబుల్ మీద పెట్టారు. ఫోన్ కొలత కచ్చితమైనది కాకపోయినా ఏ గది కన్నా ఏ గది నయమో చెప్పడానికి అది చాలు. ఆ చార్టు చూసి ఆడియాలజిస్టు మేడమ్ కూడా గది మార్చాల్సిన పని లేదన్నారు. ఆ పిల్లలను చూసి ఎంత గర్వపడుతున్నానో ఈ లేఖలో రాయడం చాలదు, చార్టు ఆఫీసు గది బయట అతికించాం, వచ్చినప్పుడు చూడండి. గదిలో శబ్దం 40 డెసిబెళ్లకు (డెసిబెల్ అంటే చప్పుడు ఎంత గట్టిదో చెప్పే కొలత) మించకూడదు. అందుకని ఫ్యాన్లు ఆపాం, కిటికీలకు దుప్పట్లు కట్టాం, పీఈటీ పీరియడ్లు మధ్యాహ్నానికి మార్చాం, రైలు కూత పెట్టినప్పుడల్లా పరీక్ష ఆపి కూత తగ్గాక అదే ధ్వనిని మళ్లీ వినిపించాం.

వాడింది ఆడియోమీటర్, అంటే వినికిడిని కొలిచే యంత్రం. ఏడాదికోసారి దానికి కాలిబ్రేషన్ (కొలతలు సరిచూడటం) చేయించాలి, తెచ్చిన దానికి ఆ పత్రం ఉందో లేదో చూసుకున్నాకే ఒప్పుకున్నాం. రోజూ ఉదయం మొదటి బిడ్డ కూర్చోకముందే, వినికిడి బాగున్న పెద్దవాళ్లొకరు హెడ్‌ఫోన్ పెట్టుకుని అన్ని ధ్వనులూ రెండు చెవుల్లో విని చూస్తారు. ఆ గదిలో వాళ్లకే వినపడకపోతే పిల్లలకూ వినపడదు, పరీక్ష మొదలుపెట్టరు. హెడ్‌ఫోన్‌లో ఎర్ర గిన్నె కుడి చెవికి, నీలి గిన్నె ఎడమ చెవికి. ముందు 1000 హెర్ట్జ్ (హెర్ట్జ్ అంటే ధ్వని ఎంత కీచుగా ఉందో చెప్పే కొలత) ధ్వనిని 40 డెసిబెళ్ల వద్ద వినిపించి, "ఇలాంటి చప్పుడు వినపడితే చెయ్యెత్తు, ఎంత సన్నగా ఉన్నా ఎత్తు" అని అలవాటు చేస్తారు. తర్వాత 20 డెసిబెళ్ల వద్ద 1000, 2000, 4000 హెర్ట్జ్, ఒక్కో చెవికి మూడూ. ఒక్కో ధ్వని ఒకటి రెండు సెకన్లు ఉంటుంది. మధ్యలో విరామం ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ. తాళం వేసినట్టు సమంగా ఇస్తే తెలివైన పిల్లలు వినకుండానే లెక్కపెట్టి చెయ్యెత్తేస్తారు. యంత్రం మీది చెయ్యి కనపడకుండా బిడ్డను పక్కకు తిప్పి కూర్చోబెట్టడం కూడా అందుకే. 500 హెర్ట్జ్ ఎందుకు వదిలేశారని ఒక నాన్నగారు అడిగారు, మంచి ప్రశ్న. బడి గదుల్లో ఉండే గుయ్యిమనే చప్పుడంతా ఆ దగ్గర్లోనే ఉంటుంది, అది ఈ సన్నని ధ్వనిని మింగేసి బాగున్న చెవిని కూడా తప్పు చూపిస్తుంది.

ఏ చెవిలోనైనా, మూడింటిలో ఏ ఒక్కటి వినపడకపోయినా, కమ్మలు తీయించి, జడ వెనక్కి తోసి, హెడ్‌ఫోన్ సరిగ్గా చెవి రంధ్రం మీదికి జరిపి, మళ్లీ చెప్పి, అదే రోజు రెండోసారి చేశారు. అప్పుడు కూడా తప్పితేనే చీటీ. హెడ్‌ఫోన్ వేలెడంత పక్కకు జరిగినా 4000 హెర్ట్జ్ ధ్వని వినపడకపోవచ్చు. వరుసగా నలుగురైదుగురు పిల్లలు ఒకే చెవిలో ఒకే ధ్వని దగ్గర తప్పితే అనుమానించాల్సింది యంత్రాన్ని. వైరు లోపల తెగి చప్పుడు వస్తూ పోతూ ఉంటుంది. రెండో రోజు అచ్చం అలాగే జరిగింది. ఐదో తరగతిలో ఒక బ్యాచి మొత్తం ఎడమ చెవిలో తప్పింది, వెంటనే ఆపి వైరు మార్చి అందరికీ కొత్తగా చేశారు. ఆ బ్యాచి పిల్లలు ఇంటికొచ్చి "రెండుసార్లు చేసిండ్రు" అని చెప్పింది దీని గురించే.

ఒకటో తరగతి వాళ్లకు చెయ్యెత్తమంటే ఊరికే ఎత్తుతూనే ఉంటారు. వాళ్లకు చప్పుడు వినపడినప్పుడల్లా డబ్బాలో ఒక చింతగింజ వేసే ఆట పెట్టాం. తొమ్మిదో తరగతి అమ్మాయిలు ఇద్దరు ముందురోజే వాళ్లను వరండాలో కూర్చోబెట్టి ఆ ఆట నేర్పారు, గింజ పడ్డ చప్పుడు పరీక్షకు అడ్డం రాకుండా డబ్బా అడుగున గుడ్డ పరిచింది కూడా వాళ్లే. ఎవరూ చెప్పలేదు. ఇంకొక బిడ్డ గురించి వాళ్ల అమ్మానాన్నల అనుమతితోనే రాస్తున్నాను. రెండు చెవులకూ మిషన్ పెట్టుకునే మన ఆరో తరగతి బాబు, భయపడి ఏడుస్తున్న చిన్నపిల్లలకు తన మిషన్ తీసి చూపించి, బ్యాటరీ ఎట్లా మారుస్తారో చెప్పి, వరుసలో నిలబెట్టాడు. తెలుగు ఉక్తలేఖనంలో ఈసారి వాళ్ల తరగతిలో మొదటివాడు అతనే.

"ఇంట్లో బాగానే వింటాడు కదా" అన్నవారికి. వినకపోతే ఇంత బాగా ఎట్లా మాట్లాడతాడు అనుకుంటున్నారు. ఒక చెవి పూర్తిగా పోయినా రెండోది బాగుంటే మాట బాగానే వస్తుంది. వంటింట్లో మూడడుగుల దూరం నుంచి, ముఖం చూస్తూ మాట్లాడితే అర్థమవుతుంది. నలభై మంది ఉన్న తరగతిలో, టీచరు బోర్డు వైపు తిరిగి రాస్తూ చెప్పినప్పుడు, పైన ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు అర్థం కాదు. చప్పుడు ఏ వైపు నుంచి వచ్చిందో కూడా తెలియదు. గవదబిళ్లలు వచ్చిపోయాక ఒక చెవి వినికిడి పోయి, ఏళ్ల తరబడి ఇంట్లో ఎవరికీ తెలియకుండా ఉండే పిల్లలున్నారు. పుట్టినప్పుడు చేసిన పరీక్ష పాసయ్యాడు కాబట్టి ఇప్పుడు అక్కర్లేదనడం కూడా పొరపాటు. వెనక నిలబడి చప్పట్లు కొట్టి చూడటం, స్టీలు గ్లాసు మోగించి చూడటం పరీక్ష కాదు. అంత పెద్ద చప్పుడు ఒక మోస్తరు లోపం ఉన్నవాళ్లకూ వినపడుతుంది.

ఇప్పుడు నా మనసులో ఉన్నది రాస్తాను. "మా పిల్లగాడు చెప్తే ఇనడు" అని ప్రతి పేరెంట్స్ మీటింగులో ఎవరో ఒకరు అంటారు. మన భాషలో మాట వినకపోవడానికీ, మాట వినపడకపోవడానికీ మధ్య తేడా రెండక్షరాలే, బిడ్డ బతుకులో మాత్రం ఆ తేడా చాలా పెద్దది. మాటలోని అచ్చులు గట్టిగా ఉంటాయి, స, శ, త, క లాంటివి సన్నగా ఉంటాయి. 4000 హెర్ట్జ్ దగ్గర తక్కువ వినపడే బిడ్డకు మాట మొత్తం చేరుతుంది కానీ అంచులు అరిగిపోయి చేరుతుంది. ఇంగ్లీషులో 'బుక్' అన్నారో 'బుక్స్' అన్నారో తెలియదు. ఉక్తలేఖనంలో తప్పులు రాస్తాడు, "ఏంటి?" అని రెండుసార్లు అడిగి, మూడోసారి అడగడానికి సిగ్గుపడి ఊరుకుంటాడు. మనం వాడికి మొద్దు అని, పరధ్యానం అని, పొగరు అని పేర్లు పెడతాం. ట్యూషన్ మారుస్తాం, సెక్షన్ మారుస్తాం, కొడతాం. మూడు నాలుగు నిమిషాల పరీక్ష ఆ బిడ్డను ఆ పేర్ల నుంచి తప్పిస్తుంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను ఇలాగే జల్లెడ పడుతోంది. మనలాంటి ప్రైవేటు బడులు ఆ పరిధిలోకి రావు కాబట్టి మనమే చేసుకోవాలి. ఎన్ని ఫోన్లు వచ్చినా ప్రతి ఏడాదీ చేయిస్తాను.

తప్పిన పిల్లల్లో ఎక్కువ భాగం కారణాలు చిన్నవే ఉంటాయి. గులిమి గట్టిపడి రంధ్రం దాదాపు పూర్తిగా మూసుకుపోవడం ఒకటి. కర్ణభేరి వెనక నీరు చేరడం ఇంకొకటి. చిన్నపిల్లల్లో ముక్కునూ చెవినీ కలిపే గొట్టం పొట్టిగా, అడ్డంగా ఉంటుంది, అందుకే జలుబు తొందరగా చెవికి ఎక్కుతుంది. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, వినికిడి మాత్రం తగ్గుతుంది. ఇది చాలామందిలో మూడు నెలల్లో దానంతటదే పోతుంది, పోకపోతే మాత్రం డాక్టరు చూడాల్సిందే. చెవి కారుతూ ఉంటే కర్ణభేరికి చిల్లు పడి ఉండొచ్చు. ఇద్దరు పిల్లల చెవుల్లో రబ్బరు ముక్కలు, ఒక పూస కనపడ్డాయి, మేం ముట్టుకోలేదు, ఇంట్లో మీరు కూడా ముట్టుకోవద్దు, పుల్లతో తీయబోతే లోపలికి పోతుంది.

ఇక ఇంటి అలవాట్లు. పెద్దలు ప్రేమతోనే చేస్తారని తెలుసు, అయినా చెప్పక తప్పడం లేదు. చీటీ అందిన మర్నాడు పొద్దున కొంతమంది పిల్లలు చెవి నుంచి మెడ దాకా నూనె కారుతూ బడికి వచ్చారు. వెల్లుల్లి కాచిన నూనె కావచ్చు, కొబ్బరినూనె కావచ్చు, చెవిలో పోయొద్దని దయచేసి నానమ్మలకు, అమ్మమ్మలకు కూడా చెప్పండి. చిల్లున్న చెవిలో అది నేరుగా లోపలికి దిగుతుంది, డాక్టరుకు కర్ణభేరి కూడా కనపడదు. పిన్నీసు, అగ్గిపుల్ల, బడ్స్ వద్దు. బడ్స్ గులిమిని బయటికి తేవు, లోపలికి దట్టిస్తాయి. బస్టాండు దగ్గర చెవులు శుభ్రం చేసేవాళ్ల దగ్గరికి పిల్లలను తీసుకుపోకండి. చెవి కారే బిడ్డను బావిలో ఈతకు దింపొద్దు, తలస్నానానికి వాజలీన్ అద్దిన దూది చెవి బయట పెట్టండి. అన్నిటికన్నా ముఖ్యం, చెంప మీద కొట్టకండి. అరచెయ్యి చెవి మీద పడితే గాలి ఒత్తిడికి కర్ణభేరి చిరిగిపోవచ్చు. ఈ మాట మా టీచర్లకు ఎప్పుడో చెప్పాను, ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

ఫోన్ చేతికిచ్చి ఇయర్‌ఫోన్లు పెట్టి పడుకోబెట్టే ఇళ్లు ఎన్నో పిల్లలే చెబుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లలకు పెట్టిన హద్దు 75 డెసిబెళ్లు, వారానికి 40 గంటలు. ప్రతి 3 డెసిబెళ్లకు సమయం సగమవుతుంది. 78 అయితే 20 గంటలు, 81 అయితే 10, 84 అయితే 5. ఫోన్ పూర్తి సౌండు 100 దాటవచ్చు, అక్కడ లెక్క నిమిషాల్లోకి వస్తుంది. సౌండు అరవై శాతం దాటనివ్వకండి. పెళ్లి బరాత్‌లో, నిమజ్జనంలో, బతుకమ్మ దగ్గర పిల్లలను డీజే పెట్టెల ముందు ఆడించకండి. వెళ్లక తప్పకపోతే దూరంగా నిలబెట్టండి.

మిగతావి తొందరగా: సంక్రాంతి సెలవుల తేదీలు డైరీలో రాయించాం, పదో తరగతి స్పెషల్ క్లాసులు సాయంత్రం 4:30 నుంచి ఉంటాయి, మార్కుల మెమోల మీద సంతకం మీరే చేయాలి, అన్న చేయకూడదు.

పసుపు చీటీ వచ్చినవారు చేయాల్సింది ఇది. చీటీ మీద ఎర్ర గీత ఉంటే, అంటే చెవి కారుతున్నా, నొప్పి ఉన్నా, లోపల ఏదైనా ఇరుక్కున్నా, రెండు చెవులూ తప్పినా, ఈ వారంలోనే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో ఈఎన్‌టీ విభాగం ఉంది, పొద్దున్నే వెళ్లండి, చీటీ వెంట తీసుకెళ్లండి. ఎర్ర గీత లేనివాళ్లకు సంక్రాంతి సెలవులయ్యాక బడిలోనే రెండో పరీక్ష చేస్తాం, అప్పటికి జలుబులు తగ్గుతాయి. అందులో కూడా తప్పితే పూర్తి ఆడియోగ్రామ్ (వినికిడిని పూర్తిగా కొలిచి గీసే చార్టు), మధ్య చెవి పరీక్ష చేయించాలి. ఈలోపు ఆ పిల్లలను ముందు బెంచీలో, బాగా వినే చెవి టీచరు వైపు ఉండేలా కూర్చోబెట్టమని అన్ని తరగతులకూ చెప్పాం. రెండో పరీక్ష రోజు పిల్లలను జూకాలు, పెద్ద క్లిప్పులు లేకుండా పంపండి, తలకు నూనె రాయకండి. చీటీ కింది భాగం చింపి, సంతకం చేసి, సోమవారంలోగా క్లాస్ టీచరుకు ఇవ్వండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు