కుళాయి మొత్తం మార్చక్కర్లేదు, లోపలి వాషరు దొరికితే చాలు

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పాత బాత్రూముని కొత్తగా మార్చుకోవడం గురించి వేసిన రెండు పేజీలూ చదివాను. ఫోటోలు బాగున్నాయి. గోడలకి నల్లరాయి, వానలా పడే షవరు, అద్దం చుట్టూ లైట్లు. "తక్కువ ఖర్చులోనే" అని చివర వేసిన అంకె చూసి మాత్రం మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టేశారు. లక్షన్నర అట. మాది నరసాపురం. నలభై ఏళ్లుగా లేసు అల్లుతున్నదాన్ని. నా లెక్కలో తక్కువ ఖర్చంటే పోపుల డబ్బాలో దాచిన డబ్బుతో తేలిపోయేది. అందుకే ఈ ఉత్తరం.

మేడ మీద వాటా అద్దెకిస్తాం. సంక్రాంతి వెళ్లాక పాతవాళ్లు ఖాళీ చేశారు. వాటా చూడ్డానికి వచ్చిన ఒకావిడ హాలు బాగుందంది, వంటగది బాగుందంది, బాత్రూము తలుపు తీసింది, తీసినట్టే వేసేసింది. "మావారితో మాట్లాడి చెప్తానండి" అని మెట్లు దిగిపోయింది. తర్వాత నేను వెళ్లి చూస్తే ఆవిడ తప్పేం లేదు. కుళాయిల మెడ చుట్టూ తెల్లటి గార. షవరు తిప్పితే నాలుగు దారాలు నాలుగు వైపులకి. కమోడు లోపల ఎర్రటి చార. టైల్స్ సందుల్లో సిమెంటు నల్లబడిపోయింది. బకెట్టు దగ్గర కుళాయి కారుతూనే ఉంది. రోజూ చూసే ఇల్లు కదా, మన కంటికి ఆనదు.

ప్లంబరు మూడో రోజుకి వచ్చాడు. గుమ్మంలో నిలబడే "మొత్తం లేపేద్దాం పిన్నిగారూ" అన్నాడు. టైల్స్‌తో కలిపి 58,000. ఆ వాటా అద్దె నెలకి 4,500. ఏడాది అద్దె పోసినా ఇంకా బాకీయే.

అసలు పాడుచేస్తున్నది నీళ్లు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852 నించీ ఈ డెల్టాకి కాలువ నీళ్లే ప్రాణం. మాకు మున్సిపాలిటీ వదిలేవీ అవే గానీ వంటకీ తాగడానికీ సరిపోతాయి, వేసవిలో కాలువలు కట్టేస్తే అదీ కష్టమే. బాత్రూముకి బోరే దిక్కు. సముద్రం పక్కనున్న వాళ్లం, బోరు వేస్తే ఉప్పునీళ్లే పడతాయి. మా పక్కింటి పిల్ల సైన్సు ప్రాజెక్టు కోసం మా బోరు నీళ్లు సీసాలో పట్టుకెళ్లి పరీక్ష చేయించింది. కాఠిన్యం, అంటే గార కట్టించే సున్నం లాంటి లవణాల లెక్క, లీటరుకి 840 మిల్లీగ్రాములు వచ్చింది. తాగే నీళ్లకి 200 దాకా మంచిదనీ, వేరే దారి లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చనీ మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం చెబుతుందట. మా ఇంటి నీళ్లకి పాతిక వేల కుళాయి పెట్టినా రెండేళ్లకి దాని మెడకీ ఈ గారే పడుతుంది. అలాంటప్పుడు కొత్తది దేనికి?

కారే కుళాయి కింద రాత్రి పదింటికి బకెట్టు పెట్టాను. పొద్దున్న ఆరింటికి మగ్గుతో కొలిస్తే ఎనిమిది లీటర్లు. ఇక ఊరుకోలేకపోయాను. ట్యాంకు దగ్గర గేటు వాల్వు కట్టేసి, పైపులో మిగిలిన నీళ్లు వదిలేసి, కుళాయి పిడి మీద మూత ఊడదీస్తే కింద ఒకే ఒక్క స్క్రూ. పిడి వచ్చేశాక స్పానరు పళ్లకి పాత జాకెట్టు గుడ్డ చుట్టి (లేకపోతే కుళాయి మీద గీతలు పడతాయి) స్పిండిల్ (పిడితో పాటు తిరిగే లోపలి కడ్డీ) విప్పాను. దాని చివర నల్లటి రబ్బరు వాషరు, గోటితో నొక్కితే రాయిలా ఉంది, మధ్యలో గుండ్రంగా గాడి పడిపోయింది. నీళ్లు కారేది ఆ గాడిలోంచే. పది రూపాయల వాషరు. మార్చి బిగిస్తే చుక్క ఆగిపోయింది. అరవై మూడేళ్ల వయసులో కుళాయి విప్పడం ఇదే మొదటిసారి.

షవరు ముఖం ఊడదీసి, గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు వేసి అరగంట నానబెట్టాను. గార మీద చిన్న బుడగలు లేస్తాయి, గార కరుగుతున్నట్టు లెక్క. అరగంట దాటనివ్వకూడదు, పైన మెరుపు దెబ్బతింటుంది. మిగిలిన కన్నాల్లో నా లేసు సూది దూర్చాను. సన్న నూలుకి వాడే అరిగిపోయిన సూది ఒకటి ఉంది, సరిగ్గా ఆ కన్నానికే చేసినట్టు దిగింది. నలభై ఏళ్ల లేసు పనిలో దానికి ఇలాంటి పని పడలేదు. కమోడులో ఎర్ర చార బోరు నీళ్లలో ఇనుము వల్ల వచ్చింది. దాని మీదా ఈ నిమ్మ ఉప్పే రాత్రంతా ఉంచితే మూడు వంతులు పోయింది. మిగిలిన వంతుని నేను చూడ్డం మానేశాను.

అందరూ యాసిడ్ పోయమంటారు. పోస్తే తెల్లబడుతుంది, నిజమే. కానీ కుళాయి పూత లేచిపోతుంది, టైల్స్ సందుల్లో సిమెంటు తినేస్తుంది. బ్లీచింగ్ పౌడరు చల్లిన చోట యాసిడ్ పోస్తే క్లోరిన్ గ్యాసు లేస్తుంది. మూసి ఉన్న బాత్రూములో అది ప్రాణాల మీదికి తెస్తుంది. ఈ ముక్క మీ పేపరు పెద్దక్షరాల్లో వేస్తే బాగుంటుంది.

టైల్స్ సందులు పాత హాక్సా బ్లేడుతో గీకి వైట్ సిమెంటు పెట్టాను. ఫ్లష్ ట్యాంకు సంగతి బట్టలకి వేసే నీలంతో బయటపడింది. ట్యాంకులో నాలుగు చుక్కలు వేసి ఎవరూ ఫ్లష్ చేయకుండా గంట ఆగితే, కమోడులో నీళ్లు నీలంగా మారాయి. లోపలి వాషరు నీళ్లు ఆపడం లేదన్నమాట. పాడైపోయిన రెండు కుళాయిల స్థానంలో పిటిఎంటి అనే రకం ప్లాస్టిక్‌వి పెట్టించాను, ఒక్కోటి 140. మా ఆయన ముఖం చిట్లించారు గానీ ఉప్పునీళ్లకి తుప్పు పట్టనిది అదే.

ఇక నా ఫిర్యాదు. వాష్ బేసిన్ కుళాయి పావు మలుపుకే కట్టేసే రకం. అందులో వాషరుండదు, పింగాణీ బిళ్లలున్న కార్ట్రిడ్జి ఉంటుంది. దాని కోసం మా ఊళ్లో మూడు కొట్లు తిరిగాను. "ఆ పార్టు రాదండి, కుళాయి మొత్తం మార్చేసుకోండమ్మా" అని ముగ్గురిదీ ఒకే పాట. పాలకొల్లులో ఒక పాతకొట్టు ఆయన నా చేతిలో పాతది తీసుకుని, పైన పళ్లు లెక్కపెట్టి, పొడవు కొలిచి, అటక మీంచి డబ్బా దింపి 180కి ఇచ్చాడు. పళ్ల లెక్క తేడా వస్తే పిడి కూర్చోదట. పాత ముక్క చేతిలో లేకుండా కొట్టుకి వెళ్లకండి. ఫోన్లకీ ట్రాక్టర్లకీ ఇంట్లో మిషన్లకీ కేంద్రం 2022లో రైట్ టు రిపేర్ (మరమ్మతు హక్కు) పోర్టల్ పెట్టింది. మా కుళాయిల దాకా ఆ మాట ఎప్పుడొస్తుందో! అమ్మిన కుళాయికి లోపలి పార్టు కూడా అమ్మాలని కంపెనీలని అడిగేవాళ్లు లేరా?

మొత్తం 2,550 అయింది, అందులో సీటు మూతకే 750. ఇంకో కుటుంబం వచ్చి చూసి, మర్నాడే అడ్వాన్సు ఇచ్చారు.

నల్లరాయి బాత్రూములు వేయొద్దని అనను, చూడ్డానికి బాగానే ఉంటాయి. వాటి పక్కనే నెలకొకసారి ఒక మరమ్మతు గురించి బొమ్మలతో వేయండి. మొదటిది ఫ్లష్ ట్యాంకు లోపలి సెట్టు మార్చడం మీద అయితే మంచిది. అక్కడే నా వల్ల కాక ఆ ప్లంబరు దగ్గర పనిచేసే కుర్రాడిని పిలిచాను. ఇరవై నిమిషాల పనికి 600 తీసుకున్నాడు, ఎలా చేశాడో చూద్దామంటే తలుపు అడ్డంగా నిలబడ్డాడు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
నరసాపురం, పశ్చిమ గోదావరి జిల్లా