గుహాచిత్రాల వయసు ఎలా తేలింది?

సంపాదకుల వారికి,

ఆదిమ గుహాచిత్రాలపై వార్త వచ్చినప్పుడల్లా అవి ఎన్ని వేల ఏళ్లవో పెద్ద అక్షరాల్లో వేస్తారు. ఆ లెక్క ఎలా తేలిందో మాత్రం రాయరు. చాలాసార్లు అసలు సంగతి రంగులోనే ఉంటుంది. నలుపును బొగ్గుతో వేసి ఉంటే రేడియోకార్బన్ పద్ధతిలో, అంటే అందులో మిగిలిన రేడియోధార్మిక కార్బన్‌ను కొలిచి, నేరుగా వయసు కట్టవచ్చు. ఫ్రాన్స్‌లో 1994లో బయటపడిన షోవే గుహలోని బొగ్గు గీతలు 30,000 ఏళ్లకు పైబడినవని అలాగే తెలిసింది. అదే నలుపు మాంగనీస్ ఆక్సైడ్ అనే ఖనిజం అయితే ఆ పద్ధతి పనికిరాదు, అందులో కార్బన్ ఉండదు కాబట్టి. హెమటైట్ అనే ఎర్రని ఇనుప ఖనిజానికీ అంతే. కంటికి రెండు నలుపులూ ఒకేలా కనిపిస్తాయి. గోడను తాకకుండానే ఎక్స్‌రే పరికరాలతో, లేజర్ కాంతితో పదార్థాన్ని గుర్తించే రామన్ పరికరాలతో ఏది ఏదో చాలావరకు తేల్చవచ్చు. గీకి తీసిన రవ్వ ఎంత చిన్నదైనా మళ్లీ అతికించలేం. అందుకే ముందు ఇలాంటి పరీక్షలే చేయాలి.

దక్షిణాఫ్రికాలోని బ్లాంబోస్ గుహలో సముద్రపు నత్తగుల్లల్లో ఎర్రమన్ను, ఎముక, బొగ్గు కలిపిన రంగు మిశ్రమం దొరికింది. అది దాదాపు 1,00,000 ఏళ్ల నాటిది! నాకైతే బొమ్మలకన్నా ఇదే ఎక్కువ అబ్బురం.

ఇకపై ఇలాంటి వార్తల్లో ఏ రంగును ఏ పద్ధతిలో పరీక్షించారో ఒక్క వాక్యమైనా చేర్చాలని మనవి.

– ఒక పాఠకురాలు