బందీలై తిరిగొచ్చిన సైనికుల మాటలు రికార్డు చేయించాలి

సంపాదకుల గారికి,

నమస్కారం. ఏటా జులై 26న కార్గిల్ విజయ దినం, డిసెంబర్ 16న 1971 యుద్ధ విజయ దినం తిరుపతిలోనూ చిత్తూరులోనూ జరుపుతున్నారు. అమరులకు నివాళి, మాజీ సైనికులకు శాలువా, మర్నాడు జిల్లా పేజీలో ఫోటో. చేయాల్సిన పనే. కానీ శత్రువు చేతికి చిక్కి, నెలలో ఏళ్లో బందీగా గడిపి, తప్పించుకోవాలని చూసి, చివరికి ఇల్లు చేరిన వాళ్ల ఊసు ఆ వేదికల మీద వినపడదు. వాళ్లంతట వాళ్లు చెప్పరు, మనం అడగం.

పట్టుబడటమంటే పిరికితనమనే అభిప్రాయం పల్లెల్లో ఇంకా పోలేదు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్‌లో జపాన్ సేనలకు లొంగిపోవాలని నిర్ణయించింది పైనున్న బ్రిటిష్ అధికారులు. బందీలైంది వేలాది మంది మన సిపాయిలు. 1962లో చైనా సేనలకు బ్రిగేడియర్ జాన్ దాల్వీయే చిక్కారు. జనరల్ కుమారమంగళం రెండో ప్రపంచ యుద్ధంలో పట్టుబడి, ఇటలీ క్యాంపు నుంచి తప్పించుకుని, మళ్లీ దొరికిపోయి జర్మనీలో బందీగా ఉన్నారు. అదే మనిషి 1966లో భారత సైన్యాధిపతి అయ్యారు. ఆయనకు అంటని మచ్చ పల్లెటూరి సిపాయికి ఎందుకు అంటాలి?

మా పెదనాన్న పలమనేరు దగ్గరి పల్లె నుంచి బెంగళూరు వెళ్లి సైన్యంలో దారులు, వంతెనలు వేసే మద్రాస్ సాపర్స్ దళంలో చేరారు. ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడి ఇటలీ క్యాంపులో పడ్డారు. 1943 సెప్టెంబర్‌లో ఇటలీ లొంగిపోయి కాపలా చెదిరిపోగానే, ఇంకొందరితో కలిసి కొండల్లోకి పారిపోయారు. అక్కడ ఒక రైతు ఇంట్లో ముసలామె మొక్కజొన్న పిండిని మన సంగటి లాగే కెలికి, పెద్ద చెక్కపలక మీద పరిచి అందరికీ పెట్టేదట. జర్మన్లకు తెలిస్తే ఆమెను కాల్చేస్తారు. అందుకని పగలంతా అడవిలో ఉండి, చీకటి పడ్డాకే పశువుల కొట్టంలోకి వచ్చేవాళ్లమని చెప్పేవారు. ఆ సంగతి చెప్పినప్పుడల్లా, "భాష రాదు, కులం తెలీదు, ఆకలి మాత్రం తెలిసిందిరా ఆ తల్లికి" అనేవారు. ఇదంతా పండగలప్పుడు, అదీ అడిగితేనే, ముక్కలు ముక్కలుగా చెప్పిందే. క్యాంపు నుంచి నాయనమ్మకు వచ్చిన అచ్చు కార్డు ట్రంకుపెట్టెలో చెదలపాలైంది. ఆయన పోయాక సర్వీసు వివరాల కోసం ఒక కార్యాలయంలో అడిగితే, నంబరు లేకుండా ఏమీ చేయలేమన్నారు.

ఇలాంటివి ఎన్ని ఇళ్లలో పోయాయో! 1944 మే 11న ఫ్రాన్స్‌లోని ఎపినాల్ క్యాంపు మీద అమెరికన్ బాంబులు పడ్డప్పుడు బయటపడిన భారతీయ బందీల్లో దాదాపు 500 మంది స్విట్జర్లాండ్ చేరారు. అంత పెద్ద సంఘటన గురించి మన పాఠ్యపుస్తకాల్లో చదివిన గుర్తు ఎవరికైనా ఉందా?

1971 యుద్ధ బందీలైన వైమానిక దళ అధికారులు పారుల్కర్, గ్రేవాల్, హరీష్ సిన్హ్‌జీ 1972 ఆగస్టులో రావల్పిండి క్యాంపు గోడకు కన్నం వేసి బయటపడ్డారు. అఫ్గాన్ సరిహద్దుకు దగ్గర్లో ఉన్న లండీ కోటల్ దాకా వెళ్లి, అక్కడ లండీ ఖానాకు దారి అడిగారు. ఆ స్టేషన్‌కు రైళ్లు 1932లోనే ఆగిపోయాయి. ఆ పేరు అడగడంతోనే అనుమానం వచ్చి పట్టుకున్నారు. అదే ఏడాది డిసెంబర్ 1న వాఘా దగ్గర స్వదేశంలో అడుగుపెట్టారు. ఈ వివరాలు ఇంత స్పష్టంగా తెలుస్తున్నాయంటే, వాళ్లు చెప్పారు, రాసుకున్నవాళ్లు రాసుకున్నారు కాబట్టే. పారుల్కర్ 2025లో కన్నుమూశారు.

ఇంకో బాధ కూడా ఉంది. పాకిస్తాన్ చెరలో ఉండిపోయారని నమ్ముతున్న 54 మంది మన సైనికుల ఆచూకీ ఇప్పటికీ తేలలేదు. తమ దగ్గర ఎవరూ లేరన్నది ఆ దేశం మాట. 2007లో బంధువులు అక్కడి జైళ్లకు వెళ్లి వెతికి, వట్టి చేతులతో వచ్చారు. అలాంటి కుటుంబాలకు, పక్క గదిలో ఎవరున్నారో, ఎవరి గొంతు వినపడిందో తిరిగొచ్చిన మనిషి చెప్పే చిన్న మాట కూడా ఎంతో విలువైనది.

1971లో ఇరవయ్యేళ్ల కుర్రాళ్లకు ఇప్పుడు డెబ్బై అయిదు. ఆలస్యం చేసే టైమ్ లేదు. మాజీ సైనికుల వివరాలు రెండు జిల్లాల సైనిక సంక్షేమ అధికారుల దగ్గర ఉంటాయి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం చరిత్ర విద్యార్థులను ఇళ్లకు పంపి, వాళ్ల మాటల్లోనే రికార్డు చేయించవచ్చు. ఖరీదైన కెమెరాలు అక్కర్లేదు, సెల్‌ఫోన్ చాలు. అడిగేవాళ్లు ఓపిగ్గా అడగాలి, చెప్పలేనంటే బలవంతపెట్టకూడదు. పాత ఉత్తరాలు, పే బుక్కులు అక్కడికక్కడే స్కాన్ చేసి అసలువి ఇంటివాళ్లకే ఇచ్చేయాలి. ఒక ప్రతి జిల్లా గ్రంథాలయంలో ఉంచాలి. ఇద్దరు కలెక్టర్లూ వచ్చే డిసెంబర్ 16 లోపే ఈ పని మొదలుపెట్టించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తిరుపతి