నాటక సమాజానికి బహుమతి కన్నా ముందు హాలు కావాలి

సంపాదకులకు,

అయ్యా,

ఏటా ఏప్రిల్ 16న, కందుకూరి వీరేశలింగం జయంతినాడు, తెలుగు నాటకరంగ దినోత్సవం జరుగుతుంది. శాలువాలు కప్పుతారు, జ్ఞాపికలు ఇస్తారు, నాటకాన్ని బతికించుకోవాలని ఉపన్యాసాలు చెబుతారు. ఆ మర్నాటి నుంచి ఊళ్లలోని నాటక సమాజాలు ఏం తిని బతకాలో మాత్రం ఎవరూ చెప్పరు. పగలు ఉద్యోగం చేసుకుని, కొట్టు కట్టేసుకుని సాయంత్రం రిహార్సల్‌కు వచ్చేవాళ్లు నడిపే సమాజాలివి. వీటిలో జీతం తీసుకునే మనిషి ఉండడు. కార్యదర్శే గుమాస్తా, బండిలోకి సెట్టు ఎత్తేదీ ఆయనే. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఏర్పడిన నాటి నుంచీ పరిషత్తుల్లో, అంటే నాటక పోటీల్లో, ఆడే నాటకం ఇలాంటివాళ్ల చేతి చమురుతోనే వెలుగుతోంది.

ప్రభుత్వ సాయం అనగానే మనకు బహుమతులే గుర్తుకొస్తాయి. కొన్నేళ్లు ఆగిపోయిన, రాష్ట్ర ప్రభుత్వం బహుమతులిచ్చే నంది నాటకోత్సవాలు 2023 డిసెంబరులో గుంటూరులో మళ్లీ జరిగాయి. మంచిదే. కానీ బహుమతి నాటకం ఆడాక వచ్చేది, అదీ కొందరికే. ఖర్చు అంతకు రెండు నెలల ముందే మొదలవుతుంది. గంట నిడివి నాటికనే తీసుకోండి. ఆరుగురు నటీనటులు, దర్శకుడు, మేకప్, సంగీతం, లైటింగ్, సెట్టు వేసే ఇద్దరు, మొత్తం పన్నెండు మంది. 200 కిలోమీటర్ల దూరంలోని పరిషత్తుకు వెళ్లి రావాలంటే బండి కిరాయి, రెండు పూటల భోజనాలు, సెట్టు అద్దె, మేకప్ సామాను, నటీమణుల పారితోషికం కలిపి ఎంత పొదుపు చేసినా 30,000 నుంచి 40,000 రూపాయలు అవుతుందని మా అంచనా. నిర్వాహకులు ఇచ్చే ప్రదర్శన పారితోషికం అందులో సగానికి సరిపోతే గొప్ప. నిర్వాహకులను తప్పు పట్టడం లేదు, వాళ్లూ చందాలు పోగు చేసుకునేవాళ్లే.

ఖర్చు తగ్గించమని సలహా ఇచ్చేవాళ్లు ముందుగా వేలు పెట్టేది నటీమణుల పారితోషికం మీద. మగవాళ్లు ఊరికే వేస్తున్నప్పుడు వాళ్లకెందుకు ఇవ్వాలంటారు. ఒక్కో నటి నాలుగైదు సమాజాలకు వేషం వేస్తుంది, అదే ఆమె జీవనం. రిహార్సల్ ముగిశాక రాత్రి తొమ్మిదిన్నరకు ఇంటికి దింపే ఏర్పాటు, తలుపుకు గడియ ఉన్న గ్రీన్‌రూమ్, పక్కనే మరుగుదొడ్డి లేకపోతే రెండోసారి పిలిచినా ఆమె రాదు. స్త్రీ పాత్రలు లేని నాటికలు రాయించుకునే స్థితి అక్కడి నుంచే వచ్చింది.

ఇక అసలు సమస్య హాలు. దాదాపు ప్రతి పట్టణంలోనూ పురపాలక సంఘానిదో, ప్రభుత్వానిదో ఒక ఆడిటోరియం ఉంది. వాటిని కట్టింది సభల కోసం. వేదిక మీద గ్రానైటు రాయి పరుస్తారు. సెట్టు ఫ్రేము పడిపోకుండా వెనక స్టే కర్ర బిగించాలంటే ఆ రాతిలో మేకు దిగదు. ఇసుక బస్తాలు ఆనిస్తే, తలుపు గట్టిగా వేసే సన్నివేశంలో గోడ మొత్తం ఊగుతుంది, ప్రేక్షకులు నవ్వుతారు. 30 అడుగుల వెడల్పు, 20 అడుగుల లోతున్న వేదిక మీద చెక్క పట్టీలు వేసి, 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పరచడానికి 8 × 4 అడుగుల షీట్లు 20 సరిపోతాయి. హాలు రంగులకు పెట్టే ఖర్చులో ఇదొక మూల.

వెలుతురు సంగతీ అంతే. సభల హాలులో దీపాలన్నీ వేదిక నెత్తిన ఉంటాయి. వాటి కింద నిలబడిన నటుడికి కళ్ల గుంటల్లో నీడ పడి ముఖం గుడ్డిగా కనపడుతుంది. ప్రేక్షకుల తల మీదుగా, వేదిక అంచుకు పన్నెండు, పదిహేను అడుగుల ముందు ఒక ఇనుప పైపు అడ్డంగా బిగిస్తే, అక్కడి నుంచి ఏటవాలుగా వెలుతురు ముఖం మీద పడుతుంది. ఆ పైపుకు, వేదిక పైన ఇంకో పైపుకు కలిపి వెలుతురు వెడల్పుగా పరిచే ఎల్ఈడీ పార్ లైట్లు 12, ఒకచోటే పడేలా చేసే స్పాట్లు 4, ఒక చిన్న కంట్రోల్ బోర్డు ఉంటే సాంఘిక నాటికకు చాలు. ఇవి హాలులో లేవు కనుకే ప్రతి సమాజం ప్రతిసారీ లైట్లు అద్దెకు తెచ్చుకుంటోంది. మైకుల విషయంలో జరిగేది ఇంకా విచిత్రం. ఉపన్యాసకుడి కోసం పోడియం మైకులు రెండు ఉంటాయి. నాటకానికి పై నుంచి వేలాడే మైకులు నాలుగైనా కావాలి. అవి లేక ఉన్నవాటినే దూరంగా పెట్టి శబ్దం పెంచితే ఫ్యాన్ హోరు, ఆపైన కీచుమనే కూత. మాట మాత్రం నాలుగో వరుస దాటదు.

అద్దె విధానం మరో తలనొప్పి. సాయంత్రం 4 నుంచి రాత్రి 10 వరకు ఒక పూట అంటారు. సెట్టు నిలబెట్టడానికి రెండున్నర, మూడు గంటలు, లైట్లు సరిచేసుకోవడానికి ఇంకో గంట పడుతుంది. 4 గంటలకు తాళం తీస్తే 8 దాకా తెర లేవదు. ఉదయం నుంచే కావాలంటే రెండు పూటల అద్దె. దాని మీద ఏసీకి వేరు, కరెంటుకు వేరు, జనరేటరుకు వేరు, డిపాజిట్టు వేరు. తడిసి మోపెడవుతుంది. ప్రైవేటు హాలుకు పోతే అద్దె మీద 18 శాతం జీఎస్టీ. టికెట్టు 500 రూపాయల లోపుంటే నాటక ప్రవేశ రుసుముపై జీఎస్టీ లేదని కొందరు గుర్తు చేస్తారు. నిజమే. టికెట్టు కొనే ప్రేక్షకుణ్ణి కూడా చూపిస్తే బాగుండేది. వీటన్నిటికీ తోడు, ఆహ్వానాలు పంచేశాక హఠాత్తుగా అధికారిక సమావేశం పడిందని బుకింగ్ రద్దు చేయడం. హాలు డబ్బు తిరిగి వస్తుంది, బండికి, లైట్లకు ఇచ్చిన బయానాలు పోతాయి.

కేంద్రంలో పథకాలు ఉన్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి. కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ ఉత్సవాలకూ కొత్త ప్రదర్శనలకూ సాధారణంగా 5 లక్షల వరకు, ప్రత్యేక సందర్భాల్లో 20 లక్షల వరకు గ్రాంటు ఇస్తుంది. సొసైటీగా నమోదై మూడేళ్లు నిండాలి, స్వచ్ఛంద సంస్థల ప్రభుత్వ పోర్టల్ ఎన్జీఓ దర్పణ్‌లో నంబరు ఉండాలి, ఆడిటు చేసిన లెక్కలుండాలి. 75 శాతం ముందు విడుదల చేసి, మిగతా 25 శాతం కార్యక్రమం అయ్యాక ఛార్టర్డ్ అకౌంటెంటు సంతకంతో వినియోగ పత్రం అందాక ఇస్తారు. ఆ చివరి పావు వంతు చేతికొచ్చే దాకా అప్పు ఎవరి పేరున? కార్యదర్శి పేరునే. లెక్కలు అడగొద్దని మేం అనం. ప్రజల డబ్బుకు లెక్క ఉండాల్సిందే. 40,000 రూపాయల నాటికకు 5 లక్షల గ్రాంటు కాగితాలన్నీ కట్టమనడమే కుదరదంటున్నాం. జిల్లా స్థాయిలో 50,000 లోపు సాయానికి వేరే కిటికీ ఉండాలి. ఒక పేజీ దరఖాస్తు, డబ్బు ముందే, ప్రదర్శన జరిగిన 30 రోజుల్లో బిల్లులు, ఫొటోలు. లెక్క చెప్పని సమాజానికి మూడేళ్లు ఇవ్వకండి.

సమాజాల వైపు నుంచీ సర్దుకోవలసింది చాలా ఉంది. 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురితో నమోదు చేయించి, ఆ తర్వాత ఆ ఫైలు ముఖం చూడనివే ఎక్కువ. సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లో కార్యవర్గ జాబితా రిజిస్ట్రారుకు పంపాలి. పంపకపోతే వెంటనే ఏమీ కాదు. కోశాధికారి కాలం చేసినప్పుడు బ్యాంకువాళ్లు కొత్త సంతకాలకు ధ్రువీకరించిన జాబితా అడుగుతారు, అప్పుడు తెలుస్తుంది. పాత కార్యవర్గంలో ఇద్దరు లేరు, ఒకరు అమెరికాలో ఉన్నారు, ఖాతాలో డబ్బుంది, తీయడానికి దారి లేదు. పాన్ కార్డు సమాజం పేరున లేక అధ్యక్షుడి సొంత ఖాతాలో చందాలు వేయించుకునేవాళ్లు తమ నెత్తిన తామే పన్ను నోటీసు పెట్టుకుంటున్నారు. 80జిగా పేరుపడ్డ, దాతలకు ఆదాయపు పన్ను తగ్గించే రాయితీ ఉన్నా 2,000 రూపాయలకు మించి నగదు ఇచ్చిన దాతకు ఆ మొత్తంపై అది వర్తించదు. చెప్పకుండా రసీదు ఇచ్చేస్తే మరుసటి ఏడాది ఆ దాత గుమ్మం ఎక్కనివ్వడు.

కంపెనీల సామాజిక బాధ్యత నిధుల జాబితాలో సంప్రదాయ కళల ప్రోత్సాహం కూడా ఉంది. అయితే ఆ డబ్బు నేరుగా పుచ్చుకోవాలంటే ఆదాయపు పన్ను నమోదులు, ఈ నిధులు పుచ్చుకునే సంస్థలకు ఇచ్చే సీఎస్ఆర్-1 నమోదు నంబరు కావాలి. పదిహేను మంది ఉన్న సమాజానికి ఇది ఏనుగును మేపడమే. జిల్లాలోని సమాజాలన్నీ కలిసి ఒక్క సంస్థకు ఈ నమోదులన్నీ చేయించి, దాని ద్వారా పుచ్చుకోవడం నయం. అందులో ఒక జాగ్రత్త: ఆ సంస్థ డబ్బును సమాజాలకు పంచిపెట్టకూడదు, హాలు బిల్లు, బండి బిల్లు తన పేరున తెప్పించుకుని తనే చెల్లించాలి. లెక్క ఒకచోటే ఉంటుంది, ఆడిటరు ఫీజూ ఒక్కటే.

ఆరుబయట పరిషత్తులు పెట్టే పల్లెల సంగతి ఒక మాట. రాత్రి 10 దాటితే మైకు ఆపాలి. సాంస్కృతిక, మతపరమైన ఉత్సవాలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలించే వీలు నిబంధనల్లోనే రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ఆ రోజుల లెక్కలో పరిషత్తులనూ చేర్చితే మూడో నాటిక సగంలో ఎస్సైగారిని బతిమాలుకునే పని తప్పుతుంది.

పురపాలక సంఘాలు వచ్చే ఏడాది బడ్జెట్టు తయారు చేసుకునేటప్పుడే ఆడిటోరియం రేట్ల పట్టిక కూడా కౌన్సిల్ ముందుకు వస్తుంది. అందులో నమోదైన స్థానిక సమాజాలకు ఏడాదికి 12 రోజులు నామమాత్రపు అద్దె, ప్రదర్శన రోజు ఉదయం నుంచి సెట్టుకు ఉచితంగా తాళం, ఏసీ వాడితేనే ఏసీ బిల్లు, ప్రదర్శన ఇంకా పదిహేను రోజుల లోపే ఉండగా బుకింగ్ రద్దు చేస్తే బయానాల నష్టపరిహారం అనే నాలుగు పంక్తులు చేర్చమని సభ్యులను కోరుతున్నాం. రిహార్సల్‌కు ఖాళీగా ఉండే మున్సిపల్ పాఠశాల గది ఒకటి సాయంత్రం 7 నుంచి 9 వరకు ఇస్తే చాలు. దాని కరెంటు బిల్లు మేమే కడతాం.

ఇట్లు,
కొన్ని నాటక సమాజాల కార్యదర్శులు,
గుంటూరు జిల్లా