ఆడవాళ్ళు దర్శకత్వం చేసేది ఇప్పుడిప్పుడేనా?

ఆర్యా,

పది రోజుల కిందట మీ ఆదివారం పేజీల్లో మహిళా దర్శకుల మీద వ్యాసం వేశారు. ఆ రోజే రాద్దామనుకున్నాను, ఇంట్లో పెళ్ళి పనులతో కుదరలేదు. కోపం మాత్రం తగ్గలేదు. ‘తెలుగులో ఆడవాళ్ళు ఇప్పుడిప్పుడే దర్శకత్వం వైపు వస్తున్నారు’ అని ఎలా రాశారండీ? భానుమతి గారు ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీ భాషల్లో తీసింది 1953లో. ‘కన్యాశుల్కం’లో మా ఊరి మధురవాణిగా వేసిన సావిత్రి గారు 1968లో ‘చిన్నారి పాపలు’ తీశారు. అచ్చు వేసే ముందు ఒక్కరైనా చూసుకోలేదా?

విజయనిర్మల గారికి ఒక్క వాక్యం దక్కింది. అందులోనూ ‘కృష్ణ సతీమణి’ అన్నదే ముందు! 1957లో ‘పాండురంగ మహత్యం’లో చిన్ని కృష్ణుడిగా కనిపించిన పిల్ల ఆవిడ. ‘రంగులరాట్నం’తో హీరోయిన్ అయ్యారు. 1973లో మలయాళంలో ‘కవిత’, తెలుగులో ‘మీనా’ తీశారు. ‘మీనా’ యద్దనపూడి గారి నవలే. అప్పటికే ఆ నవల మా వీధిలో ఎన్ని చేతులు మారిందో, అట్ట ఊడిపోయింది. సినిమాకి వెళ్తే, టైటిల్స్‌లో దర్శకత్వం అని ఆడమనిషి పేరు పడగానే మా అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకిప్పటికీ ఆ పట్టు గుర్తే.

దేవదాసంటే నాగేశ్వరరావే అనుకునే జనం ముందుకి 1974లో మళ్ళీ ‘దేవదాసు’ తెచ్చారు, తనే పార్వతి వేశారు. అది ఆడలేదు. ఆవిడ ఆగలేదు. అదే నాగేశ్వరరావు గారితో 1979లో ‘హేమాహేమీలు’, మరుసటి ఏడాది రజనీకాంత్‌తో ‘రామ్ రాబర్ట్ రహీమ్’ తీశారు. మొత్తం 44 సినిమాలు తీశారు. అందరికంటే ఎక్కువ సినిమాలు తీసిన దర్శకురాలిగా 2002లో గిన్నిస్ బుక్కెక్కారు. ఇదంతా భర్త పేరు వెనక దాచాల్సిన సంగతా?

మీ ఒక్కరినే అనడం కూడా న్యాయం కాదు. మహిళా దినోత్సవానికి ఇక్కడ ఓ సభకి వెళ్ళాను. అధికారులు గంటసేపు ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు. ముందు వరసలో కూర్చున్న కాలేజీ పిల్లల్ని భానుమతి ఎవరని అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు. పోనీ లైబ్రరీకి వెళ్ళి పాత సినిమా పుస్తకాలు అడిగితే, బీరువా తాళం లేదన్నారు. మూడుసార్లు తిరిగాను. ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు మాత్రం ఏటా కట్టించుకుంటున్నారు. గురజాడ వారి ఊళ్ళో పుస్తకానికి ఇంత కరువేమిటి?

నా మనవరాలు డిగ్రీ చదువుతోంది, డైరెక్షన్ నేర్చుకుంటానంటోంది. మీ వ్యాసం చదివి, ‘అమ్మమ్మా, అయితే మన తెలుగులో ముందు ఎవరూ లేరా?’ అని అడిగింది. ఆ ప్రశ్నకే ఈ ఉత్తరం రాశాను. దయచేసి సవరణ వేయండి. ఎక్కడో మూలన కాదు, ఆ వ్యాసం వచ్చిన చోటే వేయండి. కత్తిరించి దాని పుస్తకంలో అంటిస్తాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, విజయనగరం