పెండింగ్ రీకాల్ ఉన్న లారీకి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ) ఇవ్వకండి: కేంద్ర రవాణా మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రోడ్డు రవాణా, జాతీయ రహదారుల శాఖ మంత్రి శ్రీ నితిన్ గడ్కరీ గారికి,

నమస్కారాలతో రాయునది.

2023 జూలైలో మారుతీ సుజుకీ సంస్థ 87,599 ఎస్-ప్రెస్సో, ఈకో వాహనాలను లోపం సరిచేయడానికి వెనక్కి పిలిచింది, అంటే రీకాల్ చేసింది. స్టీరింగ్ టై రాడ్‌లోని ఒక భాగం అరుదుగా విరిగే అవకాశం ఉందని, అలా జరిగితే బండి అదుపు దెబ్బతింటుందని సంస్థే ప్రకటించి, ఉచితంగా మార్చి ఇస్తామన్నది. ఈకోను సొంతానికి కొన్నవారితో పాటు కిరాయికి, సరుకు సరఫరాకు, అంబులెన్సుగా తిప్పేవారూ మా వైపు చాలామంది ఉన్నారు. అప్పటికే చేతులు మారిన బండ్ల యజమానులకు ఆ కబురు ఎలా చేరుతుందన్నదే నా ఆందోళన. బరువు వాహనాల విషయంలో ఈ ఆందోళన ఇంకా ఎక్కువ.

లారీలో బ్రేకు బలహీనపడితే గాలి ఒత్తిడి మీటరు ముల్లు పడిపోవడం ద్వారా కొంతైనా తెలుస్తుంది, గేరు తగ్గించి బండిని నిలబెట్టే ప్రయత్నం చేయవచ్చు. పవర్ స్టీరింగ్ పంపు పోయినా చక్రం బరువెక్కుతుందే గాని తిరగడం మానదు. కానీ స్టీరింగ్‌ను ముందు చక్రాలకు కలిపే డ్రాగ్ లింకో, టై రాడ్ ఎండో తయారీలోనే పగులుతో వచ్చి, నిండు లోడు మీద మలుపులో ఊడిందంటే డ్రైవరు చేతిలో స్టీరింగ్ ఉన్నా ముందు చక్రాలు అతని మాట వినవు. అటువంటి లోపాన్ని రోజూ గ్రీజు పెట్టించే జాగ్రత్తపరుడు కూడా కంటితో పట్టలేడు. దాన్ని ముందుగా తెలుసుకోగలిగేది తయారీదారు ఒక్కడే.

2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 110ఏ సెక్షను, లోపమున్న వాహనాలను వెనక్కి పిలవాలని ఆదేశించే అధికారాన్ని మీ ప్రభుత్వానికి ఇచ్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న నిబంధనలు మాత్రం దాన్ని ఏడేళ్లలోపు వాహనాలకు పరిమితం చేశాయి. లారీ ఏడేళ్లకు మూలన పడదు. రెండో యజమాని, మూడో యజమాని చేతుల్లో అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలని పట్టుబట్టే ప్రభుత్వమే, అదే వాహనం రీకాల్‌కు అర్హం కాదనడం నాకు బోధపడటం లేదు.

బస్సులు, లారీల విషయంలో రీకాల్‌కు ఆదేశించాలంటే ఏడాది అమ్మకాల్లో 3 శాతం మేర ఫిర్యాదులు రావాలన్న లెక్క మరో చిక్కు. ఏటా 10,000 అమ్ముడయ్యే మోడలుకు అది 300 ఫిర్యాదులు. సీటు కవరు గురించైతే సరే, స్టీరింగ్ విరగడానికి అన్ని ఉదాహరణలు పోగయ్యేదాకా ఆగవలసిందేనా? అవసరం లేదని చట్టమే చెబుతోంది: యజమానుల ఫిర్యాదులతో పాటు పరీక్షా సంస్థల నివేదికలు, 'మరే ఇతర ఆధారం' అయినా చాలునని 110ఏ సెక్షనులో ఉంది. ప్రమాదం జరిగిన ప్రతిచోటా మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ బండిని పరిశీలించి ఇచ్చే నివేదికకు మించిన ఆధారం ఏముంటుంది? ఒకే మోడలులో ఒకే భాగం పదేపదే విరుగుతుంటే, జిల్లాకొకటిగా పడి ఉన్న ఆ నివేదికలను ఒకచోట చేర్చి చూసే ఏర్పాటు చేయించండి.

కబురు చేరవేయడానికి కొత్త యంత్రాంగం అక్కర్లేదు. ఆర్సీలో ఏజెంటు ఫోను నంబరే మిగిలిపోయిన బండికి సంస్థ పంపే సందేశం యజమానికి అందదు, డ్రైవరుకు అసలే అందదు. కానీ ఏ రవాణా బండైనా ఎఫ్‌సీకి రాక తప్పదు. వాహనాల రిజిస్ట్రేషన్ వివరాలుండే ప్రభుత్వ డేటాబేసు వాహన్‌లో ఛాసిస్ నంబరుకు ఎదురుగా పెండింగ్ రీకాల్ కనిపించేలా చేసి, స్టీరింగ్, బ్రేకులకు సంబంధించిన రీకాల్ అయితే మరమ్మతు పూర్తయ్యేదాకా ఎఫ్‌సీ ఇవ్వకుండా నిలపాలని కోరుతున్నాను. బండి షెడ్డులో ఆగిన రోజుల కిరాయి నష్టం చిన్న యజమాని మీద పడకుండా విడిభాగాలు సిద్ధంగా ఉంచే బాధ్యత తయారీదారుదే కావాలి.

ఇంకొక్కటి. ప్రమాదంలో ఎవరైనా మరణిస్తే నిర్లక్ష్యంతో మరణానికి కారణమయ్యారంటూ భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను కింద ముందుగా కేసు పడేది డ్రైవరు మీదనే. తప్పు బండి లోపానిదైతే ఆ సంగతి బయటపడేలా, ఇన్‌స్పెక్టరు నివేదిక నమూనాలో 'ఈ ఛాసిస్ నంబరుపై పెండింగ్ రీకాల్ ఉందా' అనే గడి ఒకటి తప్పనిసరిగా చేర్చమని అన్ని రాష్ట్రాల రవాణా శాఖలకు ఆదేశాలివ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక లారీ యజమాని,
విజయవాడ